భేరీనాదమున పెరిగిన బాలురు
గార్‌ఫీల్డు క్యాడెట్ల తొంబదియేండ్ల చరిత్ర

భేరియు బాకాయు యుద్ధభూమిలో పెరిగిన వాద్యములు. సేనాపతి కంఠస్వరము వినరానంత దూరమున నున్న సైనికునకు బాకా పలుకు వినవచ్చును. నిద్ర లేచుట, భుజించుట, ముందునకు నడచుట, వెనుకకు మరలుట, చనిపోయినవానికి తుదివందన మొనర్చుట - వీని కన్నిటికిని వేర్వేరు పలుకులు కలవు. తంతియు టెలిఫోనును, వాని వెనుక రేడియోయు వచ్చి ఆ పనిని అపహరించినవి. 1918వ సంవత్సరమున మొదటి ప్రపంచసంగ్రామము ముగియునప్పటికి అమెరికా సైన్యపు గిడ్డంగులలో బాకాలును డ్రమ్ములును విశేషముగా మిగిలిపోయెను. మరుసటి యేట, అనగా 1919లో, ఆ యుద్ధమునుండి తిరిగివచ్చినవారు అమెరికన్ లీజియన్ అను సంఘమును స్థాపించుకొనిరి. వారు ఈ వాద్యములను చౌకగా కొని తమ యూళ్లలో దళములు కట్టిరి. 1921 నుండి లీజియన్ వార్షిక మహాసభలలో ఆ దళములకు పోటీలు జరుగజొచ్చెను. తండ్రులు వాయించుట చూచిన కుమారులు ఊరకుండలేదు. చర్చీలు, స్కౌటు సంఘములు, పోలీసు సంఘములు బాలురకు ప్రత్యేకముగా దళములు ఏర్పరచెను. రెండు దశాబ్దములలో అమెరికాలోని తూర్పు రాష్ట్రములందు అట్టి దళములు వందలుగా వెలసెను.

వానిలో నొకటి న్యూజెర్సీ రాష్ట్రమునందలి గార్‌ఫీల్డు పట్టణమున 1934లో పుట్టినది. తొంబది సంవత్సరములు నడచి, దేశమున ఏ దళమునకును తీసిపోని కీర్తి నార్జించి, 2024 జనవరిలో అంతరించినది. ఇది దూరదేశపు వాద్యగాండ్ర వృత్తాంతమే యైనను, బాలుర శిక్షణమునకై సంస్థలు నెలకొల్పువారును, వానికి విరాళము లిచ్చువారును, వాని పాలకవర్గములలో కూర్చుండువారును తెలిసికొనదగిన విషయములు ఇందు పెక్కు కలవు.

మిల్లుల యూరిలో జననము

గార్‌ఫీల్డు పసాయిక్ నదీతీరమున నున్న చిన్న పట్టణము. ఉన్నిబట్టల మిల్లులే ఆ ప్రాంతమునకు జీవనాధారము. పోలండు, ఇటలీ మొదలగు దేశములనుండి కూలికై వచ్చి స్థిరపడిన కుటుంబములు అందు మెండు. 1926లో కూలితగ్గింపునకు ప్రతిఘటనగా పసాయిక్ ప్రాంతమునందలి వేలకొలది మిల్లుకార్మికులు సాగించిన సమ్మె అమెరికా కార్మికచరిత్రలో ప్రసిద్ధమైనది. ఆ గాయము మానకముందే ఆర్థికమాంద్యము వచ్చి పడెను. మిల్లులు సగముదినములు నడచుచుండ, పెద్దలకే పని దొరకని కాలమున బాలురు వీథులలో తిరుగక మఱేమి చేయుదురు?

అట్టి సమయమున ఆ యూరి హోలీనేమ్ చర్చికి చెందినవారు బాలురను కూడగట్టి హోలీనేమ్ క్యాడెట్లు అను దళమును ఏర్పరచిరి. వెస్టుపాయింటు సైనికకళాశాల విద్యార్థుల యుడుపును పోలిన యుడుపు వారిది. మెరూనురంగు కోటు, దానిపై బంగారువన్నె పట్టీలు, మీగడరంగు పంట్లాము, శిరమున ఎత్తైన టోపీ. ఆ రంగులు తుదివరకును ఆ దళమునకు గుర్తుగా నిలిచినవి. మిల్లుకూలివాని కుమారుడు ఆ కోటు తొడిగికొని నడివీథిలో కవాతు చేయునపుడు వాని తల్లిదండ్రులకు కలుగు ఆనందము ఎట్టిదో ఊహింపవచ్చును. పరదేశమునుండి వచ్చితిమని తలవంచుకొని బ్రదుకువారు ఆనాడు తలయెత్తి చూచిరి. లీజియన్ పోటీలలో జాతీయ బహుమానములు గెలిచి వచ్చిన పిదప ఊరంతయు ఆ దళమును తమదిగా భావించెను.

పలుకని స్వరములు

ఈ దళముల సంగీతమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. బాకాకు సన్నాయివలె రంధ్రములు లేవు; మీటలును లేవు. ఊదువాడు పెదవుల బిగువును మార్చి కొలదిపాటి స్వరములు మాత్రమే పలికింపగలడు. మన పరిభాషలో చెప్పవలెనన్న, షడ్జము, పంచమము, పైస్థాయి షడ్జము, గాంధారము, మరల పంచమము - ఇంచుమించుగా ఇంతియే. రిషభ మధ్యమ ధైవతములు ఊదుట కనువైన స్థాయిలో దానికి దొరకవు. ఏడు స్వరములలో మూడు నాలుగు మాత్రమే కలవాడు పాట పాడవలెనన్నట్లు ఆ బాలుర యవస్థ.

పిమ్మట ఒక మీట చేర్చుటకు అనుమతి లభించినది. దానిని నొక్కినచో శ్రుతి కింది పంచమమునకు దిగును. అందువలన రిషభ నిషాదములు కొత్తగా చేతికి వచ్చెను. మఱికొంత కాలమునకు తిరుగుడు మీట యొకటి చేర్చిరి. మిగిలిన స్వరములలో కొన్ని దానివలన లభించెను. రెండు మీటలు నిటారుగా నుండు వాద్యము 1977లోను, మూడు మీటల వాద్యము 1990లోను నియమములలోనికి వచ్చెను. 2000 నుండి ఏ శ్రుతిలోనిదైనను ఇత్తడివాద్యమును వాడవచ్చుననిరి. 2004లో ధ్వనివర్ధకములను, 2009లో విద్యుద్వాద్యములను అనుమతించిరి. ఈ మార్పు వచ్చిన ప్రతిసారియు పూర్వవిద్యార్థులు 'ఇక బాకా దళము బాకా దళము గాదు' అని వాపోవుచునే యుండిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని లోపమే యొక గురువైన దినములును గలవు. ఒక్కొక్కనికి నాలుగు స్వరములే యున్నపుడు పాట పూర్తికావలెనన్న ఒకడు విడిచిన స్వరమును మఱియొకడు సరిగా ఆ క్షణముననే అందుకొనవలెను. అందఱును కలిసి యొక్కటే వాద్యముగా మారకున్న ఆ సంగీతము పుట్టదు. ఈ దళముల క్రమశిక్షణమునకు మూలము ఇదియే.

ఆశ్రయము పోయినపుడు

1958లో ఈ దళమునకు మొదటి పరీక్ష వచ్చినది. చర్చి తన పోషణమును ఉపసంహరించుకొనెను. ఇరువది నాలుగేండ్లుగా నిలువనీడయైన ఆశ్రయము పోయినపుడు అనేక దళములు చెల్లాచెదరైపోవుట అమెరికాలో సామాన్యము. గార్‌ఫీల్డు బాలురు చెదరలేదు. వారు, వారి తల్లిదండ్రులు, పూర్వసభ్యులు ఏకమై దళమును స్వతంత్రసంస్థగా నడుపుటకు పూనుకొనిరి. అప్పటినుండి అది గార్‌ఫీల్డు క్యాడెట్లు అను పేరుతో వ్యవహరింపబడెను. పేరులోనుండి చర్చి తొలగి ఊరు వచ్చి చేరినది. దాత చేయి తీసినను పని నిలిచినదన్న, ఆ పని దాతది గాక జనులదై పోయినదని అర్థము. సంస్థల చరిత్రలో ఇంతకంటె మంచి గడియ మఱియొకటి యుండదు.

స్వయంపాలనము

రెండవ పరీక్ష 1971లో వచ్చినది. అంతవరకు పోటీల నియమములను నిర్ణయించు అధికారము లీజియన్ మొదలగు సైనికవృద్ధుల సంఘములదే. ఎన్ని మీటలు వాడవచ్చును, పతాకము ఎప్పుడు చూపవలెను, ఎన్ని నిమిషములు నడువవలెను అను వానినెల్ల వారే శాసించిరి. చూడవచ్చిన వేలకొలది జనుల టిక్కెట్టు సొమ్ములో బాలురకు చేరునది స్వల్పము. ఆటాడువారు ఒకరు, ఆటను ఏలువారు మఱియొకరు. ఈ స్థితిని సహింపజాలక మధ్య, పశ్చిమ రాష్ట్రముల దళములు కొన్ని యొక కూటమిగాను, గార్‌ఫీల్డు క్యాడెట్లతో గూడిన తూర్పు దళములు కొన్ని వేఱొక కూటమిగాను ఏర్పడెను. ఈ ప్రయత్నమునకు ముందు నిలిచినవారిలో చికాగో కవలియర్స్ దళస్థాపకుడు డాన్ వారెన్, వయోమింగు రాష్ట్రపు ట్రూపర్స్ దళస్థాపకుడు జిమ్ జోన్సు ముఖ్యులు. ఫలితముగా డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను సంస్థ వెలసినది. 1972 ఆగష్టులో విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటర్ పట్టణమున దాని ప్రథమ పోటీలు జరిగెను. కాలిఫోర్నియానుండి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ దళము ప్రథమస్థానము పొందెను. ఆ సంస్థలో సభ్యదళములే నియమకర్తలు.

అయితే స్వాతంత్ర్యము వచ్చినంతమాత్రమున సంపద రాదు. పోటీలు దేశవ్యాప్తమగుటతో దూరప్రయాణము తప్పనిసరి యయ్యెను, ఖర్చు పెరిగెను. చర్చీలు, లీజియన్ శాఖలు పోషించు చిన్న దళములు ఒకదాని వెనుక నొకటి మూతపడెను. ఒకనాడు వందలుగా నున్న దళములు నేడు కొన్ని పదులకు తగ్గినవి. పెద్ద చెట్టు పెరిగినచోట గడ్డి యెండుట ప్రకృతిధర్మమని కొందఱు సమాధానము చెప్పుకొందురు. కాని ఊరూర నున్న బాలురకు అందుబాటులో నుండిన యొక విద్య కొలదిమందికే పరిమితమైనదన్న నష్టమును ఆ సమాధానము పూరింపజాలదు.

మూడేండ్ల విజయము

1970 దశకమున గార్‌ఫీల్డు దళము తొలివరుసలో నిలువలేకపోయెను. 1980 దశకారంభమున జార్జి జింగాలి అను రూపకర్త దాని కవాతునకు కొత్త వ్రాలు వ్రాసెను. అంతకుముందు మైదానపు నడిగీతకు ఇరుప్రక్కలను ఒకే ఆకారము అద్దములో నీడవలె కనబడుట ఆచారము. సైనికుల కవాతునుండి వచ్చిన యీ సమతను జింగాలి తెంచివైచెను. బాలురు వంకరగీతలుగా ప్రవహించి, విచ్చుకొని, మరల ఒదిగి, ఎవ్వరును ఎదురుచూడని యాకృతులుగా మారజొచ్చిరి. 1983 నాటి ప్రదర్శనమున జెడ్-పుల్ అని పేరుపడిన యొక కదలికను నేటికిని శిక్షకులు చెప్పుకొందురు. ఆ యేడు, 1984లో, 1985లో వరుసగా మూడుసార్లు గార్‌ఫీల్డు క్యాడెట్లు ప్రథమస్థానము గెలిచిరి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీలలో అంతకుముందు ఏ దళమును వరుసగా మూడేండ్లు గెలువలేదు. 1984లో వారు వాయించినది లియోనార్డు బెర్న్‌స్టీన్ రచించిన వెస్టుసైడ్ స్టోరీ సంగీతము. 1987లో ఆరన్ కోప్లండ్ రచనమైన అపలేచియన్ స్ప్రింగును వాయించి నాలుగవసారి గెలిచిరి.

న్యాయనిర్ణయపద్ధతి కూడ ఆ కాలముననే మారెను. పూర్వము నిర్ణేతలు మైదానములో బాలుర నడుమ తిరుగుచు, తప్పు కనబడిన ప్రతిసారియు గీత గీసి పదవవంతు మార్కు తగ్గించుచుండిరి. కష్టమైన సంగీతము వాయించి యొక తప్పు చేసినవానికంటె, సులభమైనది వాయించి తప్పు చేయనివానికే లాభము. 1984 నుండి తప్పులు లెక్కించుట మాని, చేసినపని విలువను కట్టి మార్కులు వేయు పద్ధతి వచ్చెను. తప్పు చేయకుండుటయే విద్య యని తలచువారికిని, గొప్పపనికి సాహసించుటయే విద్య యని తలచువారికిని నడుమ నుండిన వాదము ఆనాడు రెండవ పక్షమున తీరినది. మన పరీక్షాధికారులు కూడ ఈ విషయమును ఆలోచింపవచ్చును.

తరువాత దళము పేరు బెర్జెన్ కౌంటీ క్యాడెట్లుగాను, తుదకు క్యాడెట్లు అని మాత్రముగాను మారెను. 1990, 1993, 1998, 2000, 2005, 2011 సంవత్సరములలో మరల ప్రథమస్థానములు లభించెను, మొత్తము పది. 2005లో నూటికి 99.15 మార్కులు వచ్చెను. మొదట బాలురకే పరిమితమైన దళమున తరువాతి కాలమున బాలికలకును ప్రవేశము గలిగెను.

వేసవి శ్రమ

ఈ విజయముల వెనుక నున్న శ్రమ తెలియనివారికి నమ్మశక్యము కాదు. శీతకాలమున పరీక్ష జరిపి సభ్యులను ఎన్నుకొందురు. నెల కొకమారు శిబిరము. మే నెల నుండి దినమునకు పది పండ్రెండు గంటలు ఎండలో అభ్యాసము. జూను కడపటినుండి ఆగష్టు వరకు ఊరూర పోటీలు. రాత్రి బస్సులో ప్రయాణము, తెల్లవారుజామున ఏదో యొక పాఠశాల వ్యాయామశాల నేలపై రెండు మూడు గంటల నిద్ర, మరల మైదానము. వంట లారీలోనే, వండి వడ్డించువారు చాలవరకు జీతము లేని తల్లిదండ్రులును పూర్వసభ్యులును. ఇంతయు పదునొకండు, పండ్రెండు నిమిషముల ప్రదర్శనమునకై. ఇరువదియొకటి, ఇరువదిరెండేండ్లు దాటినవారికి స్థానము లేదు. కావున ప్రతివేసవి చివర కొందఱికి అదియే కడపటి కవాతు. జీతము లేదు, పైగా సభ్యుడే ఋతువునకు కొన్నివేల డాలర్లు చెల్లింపవలెను. మిల్లుకూలి కుమారునికై పుట్టిన దళమున నేటి మిల్లుకూలి కుమారుడు ప్రవేశించుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

పతనము

ఇక నీ చరిత్రలోని చీకటి భాగమునకు వత్తము. 2018 ఏప్రిలులో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక యొక విషాదవార్తను ప్రకటించినది. మూడు దశాబ్దములకు మించి ఆ దళమునకు అధికారిగా నుండినవాడు తమపట్ల అనుచితముగా ప్రవర్తించెనని తొమ్మండుగురు స్త్రీలు ఆరోపించిరి. ఆ స్త్రీలలో పూర్వసభ్యులును ఉద్యోగినులును గలరు. వారు చెప్పిన సంగతులు నలువది సంవత్సరముల కాలమునకు సంబంధించినవి. ఆయన ఆరోపణములను నిరాకరించెను గాని పదవిని వెంటనే విడువవలసివచ్చెను. వెనువెంటనే పాలకవర్గమువారును తప్పుకొనిరి. కొత్తవారు వచ్చి సంస్థను నిలువబెట్టుటకు యత్నించిరి, నియమములు మార్చిరి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ కూడ తన దళములన్నిటికిని సభ్యుల రక్షణమును గూర్చిన కట్టుబాట్లను గట్టిపరచెను. అప్పటికే న్యూజెర్సీని వీడి పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌నకు చేరియుండిన దళము, తరువాత అదే రాష్ట్రమునందలి ఈరీ పట్టణమునకు మారినది. అయినను పూర్వపు ఋణము వెన్నాడెను. గతదశాబ్దములలో జరిగినట్లు చెప్పబడిన దౌర్జన్యమును గూర్చి వ్యాజ్యము వచ్చినది. దాని ఖర్చులను భరింపజాలమని చెప్పి నిర్వాహకులు 2024 జనవరిలో దళమును మూసివైచిరి. ఆ వేసవికై అభ్యాసము చేయుచుండిన బాలబాలికలు ఏ తప్పును ఎఱుగనివారు; వారు వేఱు దళములను వెదకికొనవలసివచ్చెను.

కొందఱు పూర్వసభ్యులు 'తొంబదియేండ్ల సంస్థను వ్యాజ్యమొకటి చంపినది' అని విలపించిరి. ఆ దుఃఖము సహజము. ఆ మాట మాత్రము సరికాదు. వ్యాజ్యము రోగమును బయటపెట్టినది గాని రోగమును కలుగజేయలేదు. మాటాడవలసిన నాడు మాటాడుటకు ఆ బాలికలకు చోటు లేకపోవుటయే రోగము. వారు ఎవరితో చెప్పుకొందురు? అధికారి పైన పాలకవర్గము కలదు; కాని అతడు తెచ్చిన బహుమానములను చూచి మురియు పాలకవర్గము అతనిని ప్రశ్నించుట అరుదు. సహసభ్యులతో చెప్పిన దళమునకు చేటు తెచ్చితివని నిందింతురను భయము. ఇంటికి వ్రాసిన తల్లిదండ్రులు వెనుకకు పిలుతురను భయము. వేసవి యంతయు ఒకే బస్సులో, ఒకే నేలపై, ఒక్కని యాజ్ఞకు లోబడి బ్రదుకు పిల్లలకు ఆ యొక్కనిపై ఫిర్యాదు చేయుట యెంత దుర్ఘటమో పెద్దలు ముందుగా ఆలోచింపవలసియుండెను.

మనము గ్రహింపవలసినది

ఇందువలన కవాతు చెడ్డది, క్రమశిక్షణము చెడ్డది యని సిద్ధాంతము చేయువారితో మేము ఏకీభవింపము. మిల్లుల వీథులలో తిరుగుచుండిన బాలురను నాలుగు స్వరముల బాకా పౌరులుగా తీర్చినది. ఆశ్రయము పోయినపుడు నిలువగల ధైర్యమును, తమ నియమములను తామే చేసికొను నేర్పును, ఆచారమును దాటి కొత్తదనమునకు సాహసించు బుద్ధిని ఇచ్చినది. ఆ దళమున పెరిగిన వేలకొలది స్త్రీపురుషులు నేడు అమెరికాలో ఉపాధ్యాయులుగాను, సంగీతవిద్వాంసులుగాను, గృహస్థులుగాను ఆ శిక్షణమును స్మరించుచున్నారు. వారు పొందిన మేలు అసత్యము గాదు. ఆ స్త్రీలు చెప్పిన బాధ వినదగనిదియు గాదు. రెండును ఒకే సంస్థలోనివి. మొదటిదానిని చెప్పి రెండవదానిని కప్పిపుచ్చరాదు. రెండవదానిని చూపి మొదటిదానిని తుడిచివేయరాదు.

విధేయతను కోరు ప్రతి సంస్థయు ఒక ఋణమును తలకెత్తుకొనుచున్నది. 'నేను చెప్పినట్లు చేయుము' అని పిల్లవానితో అనునతడు 'నేను చేసినదానికి నీ పెద్దలకు సమాధానము చెప్పుదును' అని కూడ అనవలెను. రెండవమాట లేని మొదటిమాట శిక్షణము గాదు, అధికారమే. మన యూళ్లలోను వసతిగృహములు కలవు, క్రీడాశిక్షణశాలలు కలవు, స్కౌటు దళములు, క్యాడెట్ దళములు, సంగీతనాట్యశాలలు కలవు. వీనికి భూమి నిచ్చినవారును, భవనములు కట్టించినవారును, సభ్యత్వము వహించినవారును మన పాఠకులలో పెక్కురు గలరు. సంవత్సరమున కొకనాడు బహుమానప్రదానసభలో పూలమాల ధరించి కూర్చుండుటతో పాలకుని ధర్మము తీరదు. పిల్లలు ఎచ్చట నిద్రించుచున్నారు, రాత్రివేళ వారివద్ద నుండువారెవరు, బాలికలకు తోడుగా స్త్రీలెవరు కలరు, గురువుపై ఫిర్యాదు వచ్చిన దానిని వినువాడు గురువు చేతిక్రింది వాడు గాక వేఱొకడు కలడా - ఈ ప్రశ్నలను లెక్కలు చూచినంత శ్రద్ధతో అడుగవలెను. అడిగినందున మంచి గురువునకు అవమానము లేదు. తనమీద నింద పడకుండ కాచునవి గనుక మంచి గురువు ఈ ప్రశ్నలను తానే కోరును.

1958లో గార్‌ఫీల్డు దళమును కాపాడినది ఆ యూరి జనుల పట్టుదల. అంతటి పట్టుదలతో పిల్లల మాటను విను ఏర్పాటు కూడ ఆనాడే చేసియుండిన, మెరూను కోట్ల వరుస నేటికిని మైదానమున నడచుచుండెడిదేమో. గెలిచిన బహుమానములకంటె, నమ్మి పంపిన బిడ్డ క్షేమముగా ఇల్లు చేరుట గొప్పదని ఎఱిగిన సంస్థలే చిరకాలము నిలుచును.